నడుముకాడ కోసిన పుస్తకం

కుళ్లాయప్ప బైండింగు పని మానేసి మూడేండ్లు.
కండ్లకు పొర.
చేతులకు మాత్రం ఇంకా
ఉడికిన మైదా వాసన.
పోయినేడు మా అంగన్‌వాడీకి
ఒక పుస్తకం కుట్టి ఇచ్చినాడు,
విత్తనాల అంగడి క్యాలెండర్ల వెనకపక్క
మనవరాలితో బొమ్మలు గీయించి.

అట్టకు పాత లుంగీ గుడ్డ.
పేరు లేదు, వెల లేదు.
లోపల ప్రతి పేజీనీ
నడుముకాడ అడ్డంగా కోసినాడు.
"ఇదేందన్నా, ఎలుకలు కొట్టినట్ల?" అంటి.
"తిప్పి చూడు మ్యాడమ్మా,
పైది పైదే, కిందిది కిందిదే.
అతికేది నాకు కనపడదు,
మీరే చూసుకోవల్ల."

పైన బోరు మోటరు,
కింద ఎనుము పొదుగు.
పైన గుంతకల్లు రైలింజను,
కింద మేకకాళ్లు.
పైన సంగటి ముద్ద,
కింద సైకిలు చక్రం,
దొర్లుకుంటా పోతాంది, ఊరిబిండి యాడుందో ఎతుక్కుంటా.

మొదటి దినం పిల్లోళ్లు నవ్వలేదు.
తప్పేమో అని నా మొగం చూసినారు.
మద్దిలేటి ఒక్కడే
పొదుగు మీద వేలు పెట్టి
"టీచరూ, పిండితే నీళ్లొస్తాయా?" అన్నాడు.
వాళ్ల నాయన ఆ నెలలోనే
ఐదో బోరు వేసినాడు.
ఏడునూర్ల అడుగులు. తెల్ల దుమ్ము.
నేనేం చెప్పేది?
"ముందు దూడను ఇడవల్ల," అనింది హుసేన్‌బీ,
"లేకపోతే యాడ సేపుతాది?"

మోటరుకు దూడ ఎట్లుంటాది?
ఆ పొద్దంతా అదే తగువు.
బిందె అని ఒకరు,
పైపు ముక్క అని ఒకరు.
అన్నాలు తినే యాళకు తేలింది:
బడి ముందర తుప్పు పట్టిన చేతిపంపే దూడ.
తల్లిని మరిచిపోయింది, అంతే.

ఒకనాడు సూపర్‌వైజరమ్మ వచ్చింది.
గుడ్ల లెక్క చూసింది, పాలప్యాకెట్లు ఎంచింది.
"ఈ పుస్తకంతో పిల్లలకేమొచ్చింది?"
ఆమె కాగితంలో దానికొక గడి ఉంది.
నేను నీళ్లు నములుతా ఉంటే
ఆమె చెయ్యి ఊరికే ఉండక
పైసగం ఒకటి తిప్పింది, కిందిసగం ఒకటి.
పైన కండ్లజోడు,
కింద టైలరు మిషను తొక్కుడు.
కూచున్నంతసేపూ కాళ్లూపే
వాళ్ల ఆఫీసరంట, అచ్చంగా!
కొంగు నోటికి అడ్డం పెట్టుకోని
కండ్లనీళ్లు పెట్టుకునేదాకా నవ్వింది.
గడిలో ఏం రాసిందో
నాకు చూపించలేదు.

వాన పడితే మా వజ్రకరూరులో
పెద్దోళ్లు నిక్కి నడవరు.
యాడాడినుంచో వచ్చినోళ్లు కూడా
ఎర్రచేన్లలో వంగుకోని
మెరిసేదల్లా ఏరి, తుడిచి,
నాలిక్కానించి, పారేస్తారు.
రాయి దొరికింది ఎవరికో ఒకరికి.
నడుములు పట్టింది ఊరందరికీ.
ఆ దినాల్లో పిల్లోళ్లు
పొద్దుగూకేదాకా నా దగ్గరే.
పుస్తకం నలిగింది అప్పుడే.

చినిగితే పైసగాలు చినగొచ్చు గదా,
కిందివే ఊడినాయి, ఒకటెనక ఒకటి.
పొదుగు పాయ. చక్రం పాయ.
మేకకాళ్లు ఎవరి జోబీలో పోయినాయో.
కుళ్లాయప్పతో కుట్టిద్దామంటే
కంటి ఆపరేషన్‌కు అనంతపురం పోయినాడు.
అలమారాలో పెట్టి తాళమేద్దామని
నేను చెయ్యి చాపితే
సుంకులమ్మ ఇయ్యలేదు.

ఒళ్లో పెట్టుకోని చూస్తాంది.
పైన గొడుగు.
గొడుగు కింద, పేజీ లేని తావులో,
ఎర్రమట్టి ఆరిన దాని మోకాళ్లు.
చానాసేపు చూసింది.
పుస్తకాన్ని బొడ్డుకాడ ఆనించుకోని
మెల్లగా లేచి నిలబడింది.
గొడుక్కు కాళ్లొచ్చినాయి.
గొడుగు గడప దాటింది.
గొడుగు తుంపర్లో తడుస్తా
చేతిపంపు చుట్టూ తిరిగింది.

ఎనక వరస కట్టినారు అందరూ.
రైలింజను కావల్ల ఒకనికి,
కండ్లజోడు కావల్ల హుసేన్‌బీకి.
మద్దిలేటి మాత్రం వరసలో లేడు.
పంపు గొట్టాన్ని వాటేసుకోని,
మోటరొచ్చేదాకా కదలనని,
అంబా అని అరుస్తాన్నాడు.